ఖర్చు లెక్క చూసుకున్నారా?



చాదర్‌ఘాట్‌లో ఒక సహోదరుడు పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు కొనాలని ఆశపడుచున్నాడు. 1961 నుండి మద్రాసులో తయారైన కారది. ఇంగ్లండులో దీని ఛాసిస్‌నే కుదించి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. ముచ్చటైన బండి, నిజమే!

అయితే కొనే ధరతో ఖర్చు తీరదు. కొత్త రంగు కింద ఛాసిస్ తుప్పు పట్టియుంటే? కంపెనీయే మూతపడింది, సామాను ఎక్కడ దొరుకుతుంది? 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఉంది. మెకానిక్‌ను తీసుకెళ్లి, బండి కిందికి దూరి చూడమనండి.

సహోదరుడా, ఆ డబ్బు కుమార్తె కాలేజీ ఫీజుకు దాచినదైతే, అడ్వాన్సు ఇవ్వకముందే భార్యాబిడ్డలతో కూర్చుని లెక్క వ్రాయండి. లూకా 14:28-30లో సగంలో ఆగిన గోపురాన్ని చూసి ఊరివారు నవ్వారు. షెడ్డులో ఆగిపోయిన కారును చూసి మీ బిడ్డ నవ్వగలదా?