మందు చీటీ రాసే ముందు

ఈరోజు పట్టాలందుకుంటున్న యువ వైద్యులకు మనసారా అభినందనలు.

మీలో చాలామంది కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే వైద్యం మొదలుపెడతారు. వానలు పడగానే ఉట్నూరు, జైనూరు ఏజెన్సీ గూడేల నుంచి విరేచనాలతో సొమ్మసిల్లిన పిల్లలు వస్తారు. "సూది వెయ్యి సారూ, జల్ది తగ్గాలె" అంటుంది తల్లి. అప్పుడు మీరు చీటీ మీద ఏం రాస్తారు?

రాసే ముందు ఆ బిడ్డ పేగులను తలుచుకోండి. అక్కడ లక్షల కోట్ల బ్యాక్టీరియా తిండికీ చోటుకూ నిత్యం పోటీ పడుతుంటాయి. పండగపూట కరీంనగర్ బస్టాండులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నట్టు, ముందొచ్చినవి చోటు పట్టేసి కొత్త క్రిములకు నిలువనీడ లేకుండా చేస్తాయి. కొన్ని ఈ.కోలై రకాలు కొలిసిన్లనే విషాలు వదిలి దగ్గరి జాతులను చంపుతాయి. శాస్త్రవేత్త ఆంద్రే గ్రాషియా 1925లోనే దీన్ని గుర్తించాడు. జొన్న గటకలోని పీచును పులియబెట్టే బ్యాక్టీరియా బ్యుటిరేట్‌ను తయారుచేస్తాయి. దాన్ని వాడుకునే పేగు కణాలు ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తాయి. ఆక్సిజన్ కరువైతే సాల్మొనెల్లా అంత తేలిగ్గా విజృంభించలేదు.

ఈ కాపలాను మన మందే చెదరగొట్టగలదు. 1954లో షికాగో పరిశోధకులు చిట్టెలుకలకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. మామూలుగా సాల్మొనెల్లా సోకాలంటే సుమారు లక్ష క్రిములు కావాలి. మందు తిన్నవాటికి పదిలోపే సరిపోయాయి. అదే కాపలాకు బలమిస్తే ఏమవుతుందో ఒడిశాలో పినాకి పాణిగ్రాహి బృందం చూపింది. 4,500కు పైగా నవజాత శిశువులపై జరిపిన ఆ అధ్యయనం 2017లో వెలువడింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే మేలుచేసే బ్యాక్టీరియా అందిన శిశువుల్లో సెప్సిస్, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి.

యాంటీబయాటిక్ మనకు శత్రువు కాదు. మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. రక్త విరేచనాలైతే, కలరా అనుమానం బలంగా ఉంటే తటపటాయించకండి. మామూలు నీళ్ల విరేచనాలకు మాత్రం ఓఆర్‌ఎస్, జింక్ ఇవ్వండి. తల్లిపాలు ఆపొద్దని చెప్పండి. లీటరు నీళ్లలో పొడి మీరే కలిపి, చెంచాతో ఎలా తాగించాలో తల్లికి చూపండి.

సూది వేయడం కన్నా దీనికి ఎక్కువ సేపు పడుతుంది. బయట ఎంత వరుస ఉన్నా ఆ కాస్త సమయం ఇవ్వండి. మీ హస్తవాసి మంచిదని ఈ పల్లెలు, గూడేలు చెప్పుకోవాలని నిండు మనసుతో కోరుకుంటున్నాను.