నడిగడ్డ నుంచి నల్లమల దాకా: అంగన్‌వాడీలో పర్యావరణ విద్య

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలోని 33 ప్రాజెక్టులలో మొదలైంది. అదే నెలలో బెల్‌గ్రేడ్‌లో యునెస్కో జరిపిన సదస్సు పర్యావరణ విద్యకు లక్ష్యాలు రాసిపెట్టింది. రెండూ ఒకే నెలవే అయినా చాలా ఏళ్లు ఒకదాని ఊసు ఒకదానికి పట్టలేదు. ఆ పథకం కింద నడిచే అంగన్‌వాడీ తిండి, టీకాలు, బరువు లెక్కలు చూసుకుంది. పర్యావరణం బడి పుస్తకాల్లో పాఠంగా చేరింది. పర్యావరణ విద్యపై ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు గానీ, దాని అమలు కోసం 2003 డిసెంబరులో ఇచ్చిన ఆదేశం గానీ ప్రధానంగా బడులు, కళాశాలల గురించినవే. బడి ఈడు రాని పిల్లల మీద యునెస్కో ప్రత్యేకంగా దృష్టి పెట్టింది 2007లో, స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో జరిగిన సమావేశంలో. ఆ చర్చల సారం మరుసటి ఏడు పుస్తకంగా వచ్చింది.

పసిపిల్లలకు ప్రకృతి మధ్యే నేర్పాలన్న ఆలోచన మాత్రం అంతకన్నా చాలా పాతది. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం పెట్టిన కేంద్రంలో తోటపని రోజువారీ కార్యక్రమం. మన దేశంలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీ, కోస్బాడ్ ప్రాంతాల్లో ఆదివాసీ పిల్లలకు వాళ్ల వాకిళ్లలోనే బాలబడులు నడిపారు. పశువులు కాసే పిల్లలు బడికి రాలేకపోతే బడే పచ్చికబయలుకు పోయింది. బోధన సామగ్రి కొనేది కాదు. గింజలు, ఆకులు, గులకరాళ్లు, గవ్వలే సామగ్రి. నేటి అంగన్‌వాడీకి మూలం ఆ ప్రయోగాల్లోనే ఉంది. గోడకు అంటించిన రంగుల చార్టులతో సరిపెట్టుకునే కేంద్రం ఆ మూలానికి చాలా దూరం జరిగిందనే చెప్పాలి.

పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడిపోయిన మూడు జిల్లాలు, జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైనవి. పక్కపక్కనే ఉన్నా మూడింటి నేల, నీరు వేరువేరు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల ప్రాంతం నడిగడ్డ. తెలంగాణలో వాన తక్కువ పడే చోట్లలో అది ఒకటి. అయినా 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగిపోయాయి. వనపర్తి సంస్థానాధీశులు చెరువులు తవ్వించిన సీమ. నాగర్‌కర్నూల్ జిల్లా దక్షిణాన నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతం, పెంటలు అనే చెంచుల ఆవాసాలు ఉన్నాయి. ఒకే పాఠాన్ని మూడు చోట్లా ఒకే తీరున చెబితే ఎక్కడా అతకదు.

నాలుగేళ్ల పిల్లకు తెలిసిన లోకం చేతికి అందేంత, కాలు నడిచేంత. కరిగే మంచుకొండ, తెల్ల ఎలుగుబంటి బొమ్మలు ఆమెకు కథలోని బొమ్మలే. భూమి వేడెక్కుతోందని భయపెట్టడం ఆ వయసుకు తగదు కూడా. చేయగలిగిందేమీ లేని భయం పిల్లల్లో బెంగగానే మిగులుతుంది. దోసిట్లో మట్టి పట్టుకుని తడిది, పొడిది, ఎర్రది, నల్లది అని చెప్పగలగడం, వేపచెట్టు కింద చల్లగా ఎందుకుందో అడగగలగడం, చీమల బారును తొక్కకుండా దాటడం, ఇవీ ఈ వయసు పర్యావరణ పాఠాలు. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆట, పరిసరాల పరిశీలన, ఇంటి భాష మీదే నిలబడింది. ఇంటి భాష అంటే ఇక్కడ పుంటికూర, పల్లికాయ, సోరకాయ. పుస్తకంలో గోంగూర అని ఉందని పిల్ల నోటి మాటను దిద్దే పని లేదు. ఆటపాటలూ ఉన్నాయి. కాళ్లగజ్జ పాటలో వెలగ, మోదుగ, నిమ్మ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ చెట్లను ఊళ్లో చూపిస్తే చాలు, పాట పాఠమవుతుంది.

నీటితో మొదలుపెట్టడం ఈ ప్రాంతంలో సహజం. బోరునీటిలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లకు ఇప్పుడు మిషన్ భగీరథ గొట్టం వచ్చింది. కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు వద్ద కృష్ణ నీటిని ఎత్తి, శుద్ధి చేసి ఊళ్లకు పంపుతారు. అన్నానికి ముందు పిల్లలు చేతులు కడుగుతారు. ఆ నీరు వాకిట్లో బురద కావచ్చు, చిన్న కాలువ గీస్తే కరివేపాకు మొదలుకూ పోవచ్చు. కాలువ గీయడం పిల్లల చేతే చేయిస్తే ఒక నెల పాఠం అందులోనే ఉంది: నీరు పల్లానికి పోతుంది, ఇసుకలో ఇంకుతుంది, బంకమట్టి మీద నిలుస్తుంది. నిలిస్తే దోమ పెరుగుతుంది. నీటి ఆటలో లోటాలు, గ్లాసులు, గరాటు, రబ్బరు గొట్టం ఉంటే వనపర్తి పిల్లలకు మరో అవకాశం దొరుకుతుంది. ఊకచెట్టు వాగు మీద 1959లో పూర్తయిన సరళాసాగర్‌లో నీరు నిండగానే గేట్లు ఎత్తే మనిషి లేకుండా సైఫన్లు వాటంతటవే పారతాయి. నిండు బకెట్ నుంచి కింది బకెట్‌కు నీళ్లు నింపిన గొట్టం వేసి చూపించే ఆటలో ఉన్నదీ ఆ సూత్రమే. సూత్రం ఆ వయసుకు అక్కర్లేదు, ఆశ్చర్యం చాలు. 2019 డిసెంబరు 31న ఆ ప్రాజెక్టు కట్టకు గండి పడింది. ఇసుకతో కట్టిన కట్ట ఎక్కడ తెగుతుందో పిల్లలు వాకిట్లోనే చూడగలరు.

తిండి రెండో దారి. అంగన్‌వాడీలో అన్నం, పప్పు, గుడ్డు రోజూ ఉంటాయి. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి 2015 జనవరి నుంచి నడుస్తోంది. సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 కింద కేంద్రాల్లో పోషణ వాటికలు, అంటే కూరగాయల మళ్లు, వేయమంటున్నారు. మడి పోషణకు ఎంత పనికొస్తుందన్నది దాని విస్తీర్ణం మీద ఆధారపడుతుంది. నాలుగు గజాల మడి ముప్పై మంది పిల్లల కూరకు చాలదు. ఆ లెక్క చూసి నిరుత్సాహపడనక్కర్లేదు. మెంతులు కొద్ది రోజుల్లోనే మొలకెత్తి ఆకు తొడుగుతాయి. తాము చల్లిన మెంతి పప్పులో పడితే ఆకుకూర వద్దనే పిల్లలు కూడా తినడం చాలామంది టీచర్లు ఎరిగిన సంగతే. మునగ ఒక్కటి బతికినా ఏళ్ల తరబడి ఆకు ఇస్తుంది. జొన్న, కంది, పల్లి ఈ జిల్లాల పంటలే కాబట్టి గింజ, మొక్క, కంకి, రొట్టె అనే వరుసను పిల్లలు బొమ్మల్లో వెతుక్కోనక్కర్లేదు.

చెత్త లెక్క కేంద్రంలోనే తేలుతుంది. పిల్లలకిచ్చే బాలామృతం పిండి ఖాళీ ప్యాకెట్లు, పాల ప్యాకెట్లు, గుడ్డు పెంకులు, కూరగాయల తొక్కలు, చీపురుకు వచ్చిన ఆకులు రోజూ ఉండేవే. తడిదీ పొడిదీ వేరు చేసే ఆట నిజానికి గణితంలో మొదటి పాఠం కూడా, అదే వర్గీకరణ. పెంకులు దంచి మడిలో వేయవచ్చు, గుడ్ల అట్టల్లో నారు పోయవచ్చు. ప్లాస్టిక్ మాత్రం అక్కడితో తీరదు. దాన్ని పంచాయతీ ట్రాక్టరుకు అప్పగించాలి. ఖాళీ ప్యాకెట్లతో బొమ్మలు చేయించి అదే పర్యావరణ విద్య అనడం ఒక మోసం. ఆ బొమ్మలు వారం తిరిగేలోపు మళ్లీ చెత్తలోనే పడతాయి.

గద్వాల ప్రాంతంలో మరో కోణం ఉంది. ఇది విత్తన పత్తి సాగు చేసే నేల. పూలను ఒక్కొక్కటిగా చేత్తో క్రాసింగ్ చేయాలి కాబట్టి కూలీల అవసరం ఎక్కువ. ఆ చేలల్లో పిల్లల చేత పని చేయించడం ఏళ్ల తరబడి విమర్శకు గురైంది. తల్లి చేనుకు పోతే పసిపిల్ల గట్టు మీద కూర్చుంటుంది, మందు కొట్టిన గాలే పీలుస్తుంది. కాబట్టి ఇక్కడ కేంద్రం వేళకు తెరుచుకోవడం, తల్లి తిరిగొచ్చేదాకా నడవడమే మొదటి పర్యావరణ చర్య. పురుగుమందు డబ్బా కడిగినా నీళ్లకు వాడకూడదన్న మాట పిల్లలకన్నా ముందు తల్లుల సమావేశంలో చెప్పాలి. బతుకమ్మ నాటికి గునుగు పూల కోసం పిల్లలు చేలకు పోతారు. గడ్డిమందు కొట్టిన చేలో గునుగు ఉండదు. ఎందుకు లేదన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది.

నల్లమల పెంటల్లో పాఠం తిరగబడుతుంది. తేనె, గడ్డలు, ఇప్పపూలు తెలిసిన ఇంట పెరిగిన చెంచు పిల్లకు అడవి గురించి బయటి నుంచి వచ్చిన టీచర్ చెప్పేది తక్కువ, వినవలసింది ఎక్కువ. అవ్వను పిలిపించి ఏ ఆకు తినేదో, ఏది ముట్టరానిదో చెప్పిస్తే పిల్లలకు తమ ఇంటి తెలివి బడిలోనూ చెల్లుతుందని అర్థమవుతుంది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద ఇలాంటి ఆవాసాలకూ అంగన్‌వాడీలు మంజూరు చేసే వీలుంది. హైదరాబాద్ శ్రీశైలం రహదారి ఈ అడవి గుండానే పోతుంది. దారి పక్కన ప్లాస్టిక్ పారేసేది ప్రయాణికులు, పెంట పిల్లలు కారు. పారవేయొద్దన్న నీతిని ఆ పిల్లలకు బోధించడం అసలు వాళ్లను వదిలి అమాయకులను దండించడమే.

ఇదంతా జరగాలంటే కావలసినవి వాకిలి, కంచె, నీటి కుళాయి. అద్దె గదుల్లో నడిచే కేంద్రాలకు అవి ఉండవు. ప్రాథమిక పాఠశాల ఆవరణలో చోటు ఇవ్వడం ఒక మార్గం, ఊరి పల్లె ప్రకృతి వనానికి వారానికోసారి నడిపించుకుపోవడం మరొకటి. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలని పంచాయతీలను బాధ్యులను చేసింది. ప్రతి ఊళ్లో నర్సరీ పెట్టారు. నారు పోసే రోజుల్లో పిల్లలను అక్కడికి తీసుకుపోతే ఖర్చేమీ ఉండదు. శిక్షణ సంగతికి వస్తే, 2023లో మొదలైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ టీచర్లకు ఆటల ద్వారా బోధన నేర్పుతోంది. రిజిస్టర్లు, ఫోన్‌లో నమోదులు తగ్గకపోతే ఆ శిక్షణకు సమయం చిక్కదు.

పిల్లల ప్రగతిని ప్రశ్నపత్రంతో కొలవలేం. టీచర్ తన నోటుబుక్కులో రాసుకునే రెండు ముక్కలు చాలు: ఎవరు చెప్పకుండానే కుళాయి కట్టేశారు, ఎవరు పురుగును చంపబోయి ఆగారు, ఎవరు ఏ చెట్టు పేరు ఇంట్లో అడిగి వచ్చారు. మే నెల ఎండకు మడి మాడిపోతుంది, అది ఈ నేలలో తప్పదు. జూన్‌లో తొలకరి పడ్డాక, కొత్త పిల్లలు చేరే రోజుల్లోనే మళ్లీ విత్తుకోవడం వాతావరణానికీ కేంద్రం క్యాలెండరుకూ సరిపోతుంది. గింజలను ముందటి ఏడు కాయల నుంచి తీసి బూడిద కలిపి దాచుకుంటే మళ్లీ కొనే పని ఉండదు.