దించిన కారు, లేచిన కారు

ఈ ఉదయం ఒక పాత కారును గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుచున్నాను.

కొన్నేళ్ల క్రితం నేను కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు, పక్కింటి పెద్దమనిషి దగ్గర 1963 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉండేది. గుండ్రని వీపు గల ఆ చిన్న కారును మీలో అనేకులు చూసే ఉంటారు. 2003లో మెక్సికోలో చివరిది తయారయ్యే నాటికి అలాంటివి రెండు కోట్ల పదిహేను లక్షలు రోడ్డెక్కాయి. ఆయనకు ఆ కారు తండ్రి ఇచ్చాడు. ఇరవై ఏళ్ల ప్రాయంలో, స్నేహితుల కార్లను చూసి, ఆయన దాన్ని నేలకు ఆనేంతగా దింపించాడు. తండ్రి ఏమీ అనలేదు. అయితే మరెన్నడూ అందులో కూర్చోలేదు.

దించిన కారు చూడ్డానికి బాగుంటుంది. కాని వెనుక చక్రాల పైభాగం లోపలికి వాలి, టైర్ల లోపలి అంచే అరిగిపోతుంది. చిన్న గుంటకే అడుగు తగులుతుంది. తండ్రికి ఎనభై దాటాక కుమారుడు కారును మళ్లీ లేపాలనుకున్నాడు.

బీటిల్‌కు వెనుక చుట్టల స్ప్రింగులుండవు. అడ్డగొట్టంలో ఉక్కు కడ్డీలు మెలిపడి బరువు మోస్తాయి. ప్రతి కడ్డీకీ లోపలి చివర 40 పళ్లు, బయటి చివర 44 పళ్లు. లోపల ఒక పన్ను ఒకవైపుకు, బయట ఒక పన్ను ఎదురువైపుకు తిప్పితే మార్పు ఒక డిగ్రీ కూడా ఉండదు. అంత సన్నగా సరిచేసుకోవచ్చు. అయితే బిగువులో ఉన్న స్ప్రింగ్ ప్లేటును ఊరకే విప్పితే అది తటాలున దూకి ఎముకలు విరుస్తుంది. అందుకని ఆయన కింద జాకీ పెట్టి, గొలుసు కట్టి, మెల్లగా వదిలాడు. మొదటిసారి ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం వచ్చింది. మళ్లీ విప్పాడు.

ముందు భాగం సంగతి వేరు. అక్కడి గొట్టాలను నడుమ కోసి, తిప్పి, అతికించారు. దాన్ని నమ్మలేక, కోయని ఇరుసును వెదకి తెచ్చి బిగించాడు. పొట్టి షాక్ అబ్సార్బర్లు తీసి, పూర్తి పొడవువి వేశాడు. చివర చక్రాల వరుస సరిచూపించాడు.

ఒక ఆదివారం తండ్రి కర్ర ఆనించి వచ్చి ఎక్కి కూర్చున్నాడు. గాలి చొరనంత బిగువైన కారు కదా, తలుపు పడలేదు. "అద్దం కొంచెం దించరా, పడుతుంది," అన్నాడు. చిన్ననాడు రోజూ చెప్పిన మాటే అది. కుమారుడు మాట్లాడలేకపోయాడు.

ప్రియులారా, తిప్పినదాన్ని తిరిగి తిప్పవచ్చు. కోసినదాన్ని అతుకుతో కప్పలేము, మూల్యం చెల్లించి మార్చాలి. రెండు పక్కలా కొలత సరిపోవాలి, తొందరపడితే గాయపడతాము. అయినా, ఎక్కి కూర్చోవలసినవారు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని మొదలుపెడదాం. ఈ వారమంతా ఆలోచించండి.