యాత్రికుని కెమెరాకు ఒంటికాలి ఊత

యాత్రలో తీసిన ఛాయాచిత్రము చెడినచో, దానిని మరల తీయుటకై అంత దూరము అందఱును మరల పోజాలరు. చిత్రములు చెడుటకు ముఖ్య కారణములలో చేతి వణుకు ఒకటి. పట్టపగటి యెండలో ఆ వణుకు కానరాదు. గుడి మండపములోని మసక వెలుగులో బయటపడును.

దీనికొక పాత లెక్క కలదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలో 50 మిల్లీమీటర్ల కటకము వాడువారు, కెమెరా చేతబట్టి తీయునపుడు, షట్టరును 1/50 సెకనుకన్న ఎక్కువసేపు తెఱచి యుంచరాదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది 16వ శతాబ్దపు వర్ణచిత్రములకు ఆ కాలము చాలకపోవచ్చును. ఫ్లాష్ వెలిగించుట అట్టి చిత్రములకు తగదు. ట్రైపాడు నిలుపుటకు పురావస్తు శాఖవారి ముందస్తు అనుమతి కావలెను. అట్టిచోట అక్కఱకు వచ్చునది ఒక్క కాలి మోనోపాడు. దానిని సైతము లోనికి తేవచ్చునో లేదో ద్వారముకడ అడిగి తెలిసికొనుట మేలు.

మోనోపాడుకు కాలు ఒక్కటే. తక్కిన రెండు కాళ్లు మనవే. పాదములు ఎడముగా ఉంచి, కఱ్ఱను కొంచెము ముందునకు నిలిపి, కెమెరాను ముఖమునకు ఆనించినచో మూడు కాళ్లును సమకూడును. ఇట్లు సుమారు రెండు మెట్ల లాభము కలుగును. అనగా 1/50 సెకను స్థానమున 1/12 సెకను వాడవచ్చును. అంతకుమించి ఆశింపరాదు. రాత్రివేళ పలు సెకనులు షట్టరు తెఱచుటకు ట్రైపాడే శరణ్యము. కదలుచున్న మనిషిని మోనోపాడు నిలుపజాలదు.

కొనునపుడు మొదట ఎత్తు చూడవలెను. కెమెరా బిగించిన పిదప, నడుము వంచకయే కన్ను దానికి అందవలెను. రెండవది మడిచినప్పటి పొడవు. సంచిలో ఇమడని కఱ్ఱ ఇంటనే మిగిలిపోవును. అతుకులు ఎక్కువైన కొలది మడత చిన్నదగును గాని, చివరి గొట్టము సన్నమై ఊగును. నాలుగు భాగములది చాలమందికి మధ్యేమార్గము. మూడవది బరువు. అల్యూమినియముకన్న కార్బన్ ఫైబరు తేలిక, ధర హెచ్చు. ఒకే కొలత గలవానిలో ఈ తేడా తఱచు ఒకటి రెండు వందల గ్రాములే; దానికి అంత ధర తగునో కాదో ఎవరికి వారే తూచుకొనవలెను. నాలుగవది బిగింపు. అంగడిలోనే కఱ్ఱను పూర్తిగా సాచి, బిగించి, పై నుండి గట్టిగా అదిమి చూడుడు. జాఱినచో దానిని విడిచిపెట్టుడు.

కప్పుమీది చిత్రములు తీయగోరువారికి వెనుకకు వంగు తల కావలెను. రాతినేలకు రబ్బరు పాదమే వాడవలెను. ఇనుప మొన గుడి నేలను గీయును.

నేటి కెమెరాలలో పెక్కింటికి వణుకు నణచు ఏర్పాటు లోపలనే కలదు. అది గల తేలిక కెమెరాతో మీ పని జరుగుచున్నచో, మోనోపాడు కొనకున్నను లోటు లేదు. బరువైన దూరకటకము గలవారికి మాత్రము అది చేతి బరువును దించును. కావున అంగడికి పోవునపుడు మీ కెమెరాను, మీ సంచిని వెంట తీసికొని పోవుడు. ఆ రెండింటికి సరిపడినదే మీకు తగిన మోనోపాడు.