దేహమునకు నీరుగంటి

రాయలసీమలో చెరువుగల పల్లెలలో నీరుగంటి యను గ్రామసేవకు డుండెడివాడు. ఏ మడికి ఎంత నీరు పారవలెనో, తూము ఎప్పుడు తెరవవలెనో, ఎప్పుడు మూయవలెనో అతడెరుగును. చెరువు నిండియున్న యేడు అతనిని తలచువారు తక్కువ. నీరు అడుగంటిన నాడే అతని విలువ తెలియును. మన దేహములోను అట్టి నీరుగంటి యొకడు కలడు. మనము నేడు ముచ్చటింపబోవునది అతనిని గూర్చియే.

కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లెను తీసికొందము. 2012లో పని ఆరంభించిన యురేనియము గనివలన ఆ యూరిపేరు దేశమంతట వినవచ్చినది. కాని మనకిపుడు కావలసినది నేల యడుగున నున్న ఖనిజము కాదు, నేలమీది యెండ. ఆ జిల్లాలో సాలుకు కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుట అక్కడ వింత కాదు. అట్టి యెండలో చీనీతోటలో పాదులు త్రవ్వు కూలివాని దేహమునుండి గంటకు లీటరు నీరు చెమటగా పోవచ్చును. అయినను అతడు ఒకటి రెండు చెంబుల నీటితో చాలసేపు పనిచేయుట మనము చూచుచున్నాము. దేహము ఆ లోటును ఎట్లు సర్దుకొనుచున్నది?

ఇది హార్మోనుల పని. హార్మోను అను మాటను 1905లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు స్టార్లింగు వాడుకలోనికి తెచ్చెను. గ్రీకుభాషలో దాని మూలమునకు పురికొల్పుట యని యర్థము. అంతకు మూడేండ్లు ముందు, 1902లో, అతడును అతని సహచరుడు బేలిస్సును చిన్నప్రేగులో పుట్టి, రక్తములో కలసి, క్లోమమును పనికి పురికొల్పు పదార్థమొకటి కలదని కనుగొనిరి. నరముల సాయము లేకయే దేహములో ఒకచోటినుండి మరియొకచోటికి ఆజ్ఞ పోగలదని దానివలన తేలినది. గొంతు ముందున్న థైరాయిడు దేహపు వేడిని, వేగమును దిద్దును. క్లోమములో పుట్టు ఇన్సులిను చక్కెరను కణములలోనికి చేర్చును. స్త్రీపురుషుల బీజకోశములు యౌవనమును తెచ్చును. వీనిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రసంగము కావలెను గనుక నీటి సంగతికే వత్తము.

మన నీరుగంటి పేరు వాసోప్రెస్సిన్. మెదడు అడుగున హైపోథాలమస్ అను చిన్న తావు కలదు. అందలి నరకణములు దీనిని తయారుచేసి, తమ తంతువుల వెంట క్రిందనున్న పీయూషగ్రంథికి పంపును. బఠానీగింజంత గ్రంథి యది. దాని వెనుక భాగమే ఈ హార్మోనుకు కొట్టు. రక్తములో లవణముల చిక్కదనము నూటికి ఒకటి రెండు పాళ్లు పెరిగినను హైపోథాలమస్ పసిగట్టును. వెంటనే ఈ కొట్టు తలుపు తెరచుకొనును. మనకు దాహమును అక్కడనుండియే పుట్టును.

మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. అందులో అధికభాగము ఎట్లును రక్తములోనికి తిరిగిపోవును. మిగిలినదానిలో ఎంత నిలుపుకొనవలెనన్నదే ఈ హార్మోను తీర్పు. ఇది నిండుగా నున్నపుడు దినమున అర్ధలీటరు మూత్రముతో దేహము తన మలినములను వెడలించుకొనగలదు. ఇది బొత్తిగా లేనివానికి దినమునకు పది పదునైదు లీటర్లు పోవచ్చును, అదియొక వ్యాధి. పేరులో పోలిక యున్నను అది మనమెరిగిన మధుమేహము కాదు, దానిలో చక్కెర పోదు.

ఈ పని జరుగు తీరు చూడముచ్చటైనది. మూత్రపిండములలోని సన్నని నాళముల చివర హార్మోను వచ్చి కణము వెలుపలనే తలుపు తట్టును, లోపలికి పోదు. దాని కబురును లోపలికి మోయునది సైక్లిక్ ఏఎంపీ యను చిన్న అణువు. ఆ అణువు ఏటీపీ యను పదార్థమునుండి పుట్టును. 1929లో ఆ ఏటీపీని కనుగొన్నవారిలో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. అప్పుడాయన హార్వర్డులో ఫిస్కే యను ఆచార్యునితో కలసి పనిచేయుచుండిరి. కబురందగానే నాళపు గోడలో నీటికి సన్నని దారులు తెరచుకొనును. బయటికి పోవలసిన నీరు మరల రక్తములో కలియును. ఇట్టి నీటిదారులను 1992లో గుర్తించిన పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమానము లభించినది.

నీటికి తోడు ఉప్పు. మూత్రపిండముల నెత్తిన టోపీలవలె నున్న అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టెరోన్ అను హార్మోనును పుట్టించును. 1953లో దీనిని వేరుపరచినవారు సింప్సన్, టైట్ అను దంపతులు కాబోవు శాస్త్రజ్ఞులు. మూత్రములోను, చెమటలోను ఉప్పు వృథాగా పోకుండ ఇది కాపాడును. చల్లని యూరినుండి వచ్చినవాని చొక్కాపై మొదటి వారమున తెల్లని ఉప్పుచారలు కట్టును. ఒకటి రెండు వారములు ఎండలో పనిచేసిన పిమ్మట అతని చెమటలో ఉప్పు తగ్గును.

ఇక్కడనే లోకములో ఒక పొరపాటు నాటుకొని యున్నది. ఎండకు అలవాటుపడిన కూలివానికి నీరు తక్కువ చాలునని పలువురు తలతురు. నిజము దీనికి తలక్రిందులు. అలవాటుపడిన దేహము ముందుగా చెమర్చును, ఎక్కువగా చెమర్చును. అందువలననే అది చల్లబడుచున్నది. కనుక వానికి నీరు మరింత కావలెను. నీరుగంటి తూము మూయగలడు గాని ఆవిరియగు నీటిని ఆపలేడు, చెరువును నింపలేడు.

పొలము పనులకు పోవు ఆడువారిలో ఉదయమునుండి నీరు త్రాగక బిగబట్టువారు కలరు. ఇది వారి అజ్ఞానమని కొందరు తేలికగా తీసిపారవేయుదురు. మేము అట్లు తలపము. కనుచూపుమేర మరుగులేని చేనిలో పదిమంది నడుమ పనిచేయు స్త్రీ మరేమి చేయును? ఆమె లోటును ఆమెలోని హార్మోను నింపజూచును, మూత్రము చిక్కబడును, ఏండ్ల తరబడి ఇట్లే జరిగిన మూత్రపిండములలో రాళ్లు పుట్టుటకును, మూత్రమార్గమున అంటు సోకుటకును అది దారి. చేనిగట్టున నాలుగు తడికలు కట్టించిన రైతు ఒక వైద్యుడు చేయలేని మేలు చేసినవాడగును.

ముసలివారికి దాహమే ఆలస్యముగా పుట్టును. అడుగకున్నను వారికి ఇంటివారు నీరందీయవలెను. మధుమేహము ముదిరినవారికి మూత్రముతో పోవు చక్కెర నీటినికూడ వెంట లాగికొనిపోవును. పని ముగిసినపిమ్మట అలసట తీరునని సారాయి త్రాగుట మరియు కీడు. అది వాసోప్రెస్సిన్ విడుదలను అణచివేయును, ఉన్న నీరును పోవును. ఉప్పువేసిన పలుచని మజ్జిగ, అంబలి మన పెద్దలు ఊరక పెట్టిన వాడుకలు కావు. చెమటతో ఉప్పు పోయినవాడు వట్టినీరే కడవలకొలది త్రాగిన రక్తములో ఉప్పు మరింత పలుచనై ప్రమాదము కలుగవచ్చును. అయితే రక్తపుపోటు గలవారు ఉప్పు విషయమున తమ వైద్యుని మాటయే వినవలెను.

నీరు చాలినదో లేదో తెలిసికొనుటకు యంత్రములు అక్కరలేదు. మూత్రము లేత గడ్డిరంగులో నున్న చాలినట్లు. ముదురు పసుపైన చాలనట్లు. వాసోప్రెస్సిన్ రక్తములో ఎంతోసేపు నిలువదు; పది యిరువది నిమిషములలో సగము నశించును. అందుచేత చెట్టునీడకు చేరి కడుపునిండ నీరు త్రాగినవానికి గంట రెండుగంటలలోనే మూత్రము తేటపడును.