ఊతకర్ర తీసే వేళ



సామల్పట్టి చుట్టుపక్కల మామిడి తోపులున్న వారికి ఊతకర్ర సంగతి నేను చెప్పనక్కరలేదు. కాపు బరువుకు వంగిన కొమ్మ కింద పంగలకర్ర పెడతాం. కాయ కోశాక తీయడం మరచిపోతాం. మరుసటి ఏటికి అది ఎందుకు పెట్టామో గుర్తుండదు. తీస్తే కొమ్మ విరుగుతుందేమోనన్న భయం మాత్రం మిగులుతుంది. కంప్యూటరు ప్రోగ్రాముల్లోనూ ఇలాంటి కర్రలున్నాయి.

సైను, కొసైను, లాగరిథమ్ వంటి లెక్కలు చేసిపెట్టే ప్రోగ్రాముల సముదాయాన్ని గణిత లైబ్రరీ అంటారు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1993లో ఇచ్చిన ఎఫ్‌డీలిబ్‌ఎమ్ అలాంటిదే. ఫ్రీబీఎస్‌డీ, జావా దాన్నే ఆధారం చేసుకున్నాయి. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలరు. చిక్కు అక్కడ వచ్చింది.

ఆనాటి ఇంటెల్ ప్రాసెసర్లు దశాంశ సంఖ్యను లోపల 80 బిట్లలో ఉంచుకుని, మెమరీలో రాసేటప్పుడు 64 బిట్లకు కుదించేవి. లోపల కంసాలి త్రాసు, బయట మండీ కాటా అనుకోండి. ఒకే మూటను రెండు చోట్లా తూచి, తూకాలు సమానమా అని అడిగితే కాదనే వస్తుంది. ఏ సంఖ్య లోపల ఉండాలో, ఏది బయటికి పోవాలో కంపైలరు ఇష్టం. జీసీసీ కంపైలరు ఫిర్యాదుల పట్టికలో 2000లో 323వ నంబరుగా చేరిన ఈ గొడవ ఏళ్ళ తరబడి నలిగింది. అందుకని ప్రోగ్రామర్లు 'వొలటైల్' అనే మాట తగిలించి, సంఖ్యను బలవంతంగా మెమరీకి పంపి మళ్ళీ తెప్పించుకున్నారు. పని జరిగింది, వేగం తగ్గింది.

2003లో 64 బిట్ల ఏఎండీ ప్రాసెసర్లు వచ్చాక లోపలా బయటా ఒకే తూకమయింది. ఈ చిక్కు కోసమే 1998లో తెచ్చిన 'స్ట్రిక్ట్ ఎఫ్‌పీ' అనే మాటను జావా 2021లో, 17వ కూర్పులో, అక్కరలేనిదిగా చేసేసింది.

అలాగని కనిపించిన ప్రతి వొలటైల్‌నూ పెరికేస్తే ఆపద. లెక్క ఫలితం మరీ చిన్నదైపోతే ప్రాసెసరులో ఒక హెచ్చరిక గుర్తు పడాలి. ఆ గుర్తు కోసమే ఒక్కోచోట ఒక గుణకారం చేయిస్తారు. దాని ఫలితాన్ని ఎవరూ వాడరు. వాడని లెక్క దండగని కంపైలరు తీసేస్తుంది. తీయకుండా ఆపేది ఆ మాటే. అది కొమ్మ కింది కర్ర కాదు, పందిరి గుంజ. చూపుకు రెండూ ఒకటే. పెట్టినవాడు పక్కన ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ తంటా లేకపోను; చాలామంది రాయలేదు, నా కోపమంతా అక్కడే.

కనుక ఒక్కొక్కటిగా తీయాలి. పాత ఫలితాన్నీ కొత్త ఫలితాన్నీ చివరి బిట్టు దాకా పోల్చాలి. సున్నాకు దగ్గరి సంఖ్యలతోనూ, మరీ పెద్దవాటితోనూ చూడాలి. 32 బిట్ల యంత్రం మీద కూడా చూడాలి. డెబియన్ 2025 ఆగస్టులో వెలువరించిన 13వ కూర్పులో 32 బిట్ల ఇంటెల్ యంత్రాలకు పూర్తి మద్దతు మానుకుంది. అయినా ఏ మిల్లులోనో, ఏ కాలేజీ ల్యాబులోనో పాత యంత్రం తిరుగుతూ ఉండవచ్చు. అక్కడ లెక్క తప్పితే, తప్పిందని తెలిసే దారి కూడా ఉండదు. ఫ్రీబీఎస్‌డీ వారు యంత్రం ఏదో చూసి, అవసరమైన చోట మాత్రమే వొలటైల్ వాడే ఏర్పాటు చేసుకున్నారు. ఆ యంత్రాలు పూర్తిగా మూలపడ్డనాడు ఆ నాలుగు వరుసలూ తీసేయవచ్చు.