తౌబా తరువాత తీర్చవలసిన బాకీలు

సకల స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

మద్యపానం హరామ్ అని మనకందరికీ తెలుసు. అయితే ఆ అలవాటును విడిచి, తలవంచుకుని మన వరుసల్లో వచ్చి నిలబడిన సోదరుని గురించీ, అతని ఇంటివారి గురించీ మనం ఆలోచించటం తక్కువ. షైతాన్ మద్యం ద్వారా మనుషుల మధ్య వైరాన్ని రగిలిస్తాడనీ, దైవస్మరణ నుంచి, నమాజు నుంచి మళ్ళిస్తాడనీ సూరహ్ అల్ మాయిదా 91వ ఆయత్ హెచ్చరిస్తున్నది. అంటే ఈ వ్యసనం రెండు బంధాలనూ తెంచుతుంది. మానినవాడు రెండింటినీ తిరిగి ముడివేసుకోవాలి.

పాపాన్ని విడనాడటం, పశ్చాత్తాపపడటం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవటం తౌబాకు షరతులు. దాసుల హక్కులకు భంగం కలిగినచోట వాటిని చెల్లించటం నాలుగవ షరతని ధర్మవేత్తలు తెలిపారు. తాకట్టులో పోయిన భార్య నగ, కట్టని బిడ్డ బడి ఫీజు, తల్లిపై విసిరిన పరుష వాక్కు, ఇవన్నీ బాకీలే. “మానేశాను కదా, ఇంకా అనుమానమెందుకు?” అని గద్దించే హక్కు మనకు లేదు. ఏళ్ళ తరబడి మన అడుగుల చప్పుడుకు దాక్కున్న బిడ్డ నాలుగు వారాల్లో ఒడి చేరడు. క్షమాపణ కోరుదాం, క్షమించి తీరాలని ఒత్తిడి చేయవద్దు. చెప్పిన వేళకు ఇల్లు చేరటం, సంపాదనను ఇంట అప్పగించటం వంటి పనులతోనే నమ్మకం మరలి వస్తుంది.

ఇక మన బాధ్యత. అబ్దుల్లాహ్ అనే సహచరుడు మద్యం సేవించి పలుమార్లు శిక్ష పొందారు. ఒకరు ఆయనను శపించగా దైవప్రవక్త (స) వారించి, ఆయనకు అల్లాహ్‌పై, ప్రవక్తపై ప్రేమ ఉన్నదని సాక్ష్యమిచ్చారు (బుఖారీ). శిక్ష తప్పలేదు, ఆదరణా తగ్గలేదు. కనుక మానినవానిని పాత పేరుతో ఎత్తిపొడవరాదు. అలాగని హింసను మౌనంగా భరించమని ఇల్లాలికి బోధించటమూ తగదు. ఆమె రక్షణ మన బాధ్యత. చిరకాలం తాగినవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ కలుగవచ్చు. వైద్యుని ఆశ్రయించటం విశ్వాసలోపం కాదు.

ప్రభూ! మరలి వచ్చినవారికి స్థిరత్వాన్నీ, గాయపడిన హృదయాలకు ఊరటనూ, మా ఇళ్ళకు శాంతినీ ప్రసాదించు. ఆమీన్.